ఎర్ర బల్బు దించిన చీకటిగది పెద్దాయన

మా కాలేజీ చీకటిగది పెద్దాయన మొన్న సోమవారం నాంపల్లిలో తమ ఇంట్లోనే పోయారు. తలుపు మూడుసార్లు తట్టకుండా ఆయన ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదలు.

మా దగ్గర అటెండరుగా చేరకముందు ఆబిడ్స్‌లో ఒక స్టూడియోలో ముప్పై ఏళ్ళు ఫోటోలు కడిగారాయన. తట్టకుండా తలుపు తీస్తే ఎవరి పెళ్ళి ఫోటో నల్లబడుతుందోనన్న భయం వేళ్ళలో ఉండిపోయింది. తలుపే లేని గుమ్మం దగ్గర కూడా గోడ తట్టి మరీ వచ్చేవారు. స్టూడియో నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక్క ఎర్ర బల్బు. మా చీకటిగదిలో దాన్ని తగిలించి, రోజూ చొక్కా అంచుతో తుడిచేవారు.

ఆ గదిలోనే నేను పెసలు మొలకెత్తించేవాణ్ణి. దేశమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్న నా పరిశోధన అదే. చీకట్లో మొలిచిన పెసర మొలక పాలిపోయి, తల వంచుకుని ఉంటుంది. అందులో పత్రహరితం ఉండదు, దాని ముడిసరుకే ఉంటుంది. వెలుగు సోకగానే ముడిసరుకు రూపు మారుతుంది. మొలకను గడ్డకట్టించి నీలికాంతి వేస్తే అది ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపును యంత్రం కాగితం మీద శిఖరంలా గీస్తుంది. వెలుగు చూడని మొలకకు ముడిసరుకు శిఖరం ఒక్కటే రావాలి, రూపు మారాక వచ్చే రెండోది రాకూడదు. నాకు అప్పటికి ఆర్నెల్లుగా వస్తూనే ఉంది.

"ఏమయ్యా, చీకట్లో పెంచుతున్నావా, చార్మినార్ మీద పెంచుతున్నావా?" అన్నారు మా ప్రొఫెసరు గారు. గుంటూరు గొంతు, మెట్లదాకా వినపడింది. "శనివారం లోపు ఆ రెండో శిఖరం పోకపోతే ఈ టాపిక్ వదిలెయ్."

ఆ మర్నాడే పెద్దాయన మా గది తలుపు మూడుసార్లు తట్టారు.

"సారూ, జర గా చీకటిగదికి రాన్రి."

చీకటిగదిలో ఎర్ర బల్బు వెలుగుతోంది. ఆయన ట్రే మీదికి వంగారు. "బల్బు దిక్కున్నయి సూడున్రి, తలలెత్తినయ్. మూలకున్నయి వంచుకొనే ఉన్నయ్. గీటికి ఎర్ర దీపం అంటే చీకటి గాదు సారూ."

"తాతా, ముప్పై ఏళ్ళు దీని కిందే కదా నువ్వు ఫోటోలు కడిగింది!"

"ఔ. ఫోటో కాయితం గుడ్డిది, ఎరుపు కండ్లవడదు. గీ మొలకలకు కండ్లున్నయ్."

ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు వచ్చిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. నీళ్ళు పోసినప్పుడల్లా, కోసినప్పుడల్లా ఆ బల్బు వేసింది నేనే. చీకటిగది అంటే ఎర్ర దీపమేనని మాకిద్దరికీ అంత నమ్మకం.

ఆయన బల్బు విప్పి, చేతిరుమాల్లో చుట్టి, బీరువాలో పెట్టారు. ఆ చేతులు అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత సుల్తాన్ బజార్ వెళ్ళి వెలుగు దూరే పల్చటి ఆకుపచ్చ జిలుగు కాగితం తెచ్చి, టార్చికి పొరలు పొరలుగా చుట్టారు. "ఫికర్ చెయ్యకున్రి. ఆకుకు తన రంగే జర తక్కువ కనవడ్తది."

కొత్త ట్రే వేశాం. శనివారం యంత్రం పెన్ను కదిలింది. ముడిసరుకు శిఖరం నిక్కచ్చిగా లేచింది. రెండోది రావలసిన చోట గీత చాప పరిచినట్టు పడుకుంది. ఇంకో మొలకకు క్షణం పాటు వెలుగు చూపించి గడ్డకట్టిస్తే, అక్కడే కొత్త శిఖరం ఠీవిగా నిలబడింది. నేను బల్లెక్కి గెంతాను. ప్రొఫెసరు గారు నన్ను దిగమనలేదు.

"ఎవరు పట్టుకున్నారయ్యా ఇది?"

నేనే అని చెప్పుకుందామని ఒక్క క్షణం అనిపించిన మాట వాస్తవం. అప్పుడే తలుపు మూడుసార్లు మోగింది. "అదిగోనండీ, వస్తున్నారు" అన్నాను. ప్రొఫెసరు గారు లేచి తమ కుర్చీ జరిపారు.

"కుర్చీ వద్దు సార్. గా కాయితం జర సూపియ్యున్రి."

తడి ఫోటోను పట్టుకున్నట్టు వేలికొసలతో అంచులు పట్టుకుని, కిటికీ వెలుగుకు ఎత్తి చూశారు. "మంచిగ తేలింది" అన్నారు. నాకు డాక్టరేటు వచ్చింది ఆ క్షణానే. యూనివర్సిటీ వాళ్ళకు ఆ సంగతి తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

నిన్న బీరువాలోంచి ఆ రుమాలు మూట తీసి, బల్బు తుడిచి, పాత చోటే తగిలించి వెలిగించాను. కింద ఒక ట్రే పెసర మొలకలు పెట్టాను. అన్నీ తలలు వంచుకుని సంతాపసభలో ఉన్నట్టే ఉన్నాయి.

"ఏమయ్యా, పాడవుతాయి" అన్నారు ప్రొఫెసరు గారు, గొంతు తగ్గించి.

"ఈ ట్రే ప్రయోగానికి కాదండీ."

ఈ పొద్దున తలుపు మూడుసార్లు తట్టి తీశాను. ఎర్రటి వెలుగులో ట్రే మొత్తం తలెత్తి నిలబడి ఉంది.