ఇరవైనాలుగుగారు ఓర్వలేని వేగం

ఇరవైనాలుగుగారికి ఉన్నది ఒకటే జబ్బు. తెర మీద మనిషి అసలు వేగానికి వెంట్రుకవాసి తేడాగా కదిలినా ఆయన ఓర్చుకోలేడు. సినిమా తీసేది సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల లెక్కన. కొన్ని దేశాల డిస్కుల్లో దాన్ని ఇరవై అయిదుకు తోస్తారు. మనుషులు కాస్త తొందరగా నడుస్తారు, గొంతులు కాస్త పలచబడతాయి. ఎవరికీ పట్టని ఆ కాస్త కోసం ఆయన ఊరందరితో తగువు పెట్టుకుని ఆ పేరు సంపాదించాడు.

ఆయనతో కలిసి డిస్కుల దుకాణం పెట్టడం బావమరిది చేసుకున్న పాపం.

"మీ ఇంట్లో ప్లేయరు ఏ దేశానిది?" అని అడిగేవాడు బావ, కొనడానికి వచ్చినవాణ్ణి.

"ఏమోనండి, నల్లగా ఉంటుంది."

"అయితే ఇవ్వను. కనుక్కుని రండి."

వెళ్ళినవాడు మళ్ళీ వచ్చేవాడు కాదు. చావింటికి పరామర్శకు వెళ్ళి, మూలనున్న టీవీ చూసి, "ఇది ఇరవై అయిదు" అంటూ కట్టేసి వచ్చిన మనిషితో ఎలా వేగడం? అసలే డిస్కులు కొనే నాథుడు లేడు. ఉన్న నలుగురినీ ఈయన తరిమేస్తున్నాడు. దుకాణం నిలబడుతుందన్న ఆశ బావమరిది ఎప్పుడో వదులుకున్నాడు. ఇక ఏడుపొక్కటే తక్కువ.

అలాంటి రోజుల్లో వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఒక డిస్కు పట్టుకొచ్చింది. ఓడలో వంటవాడిగా తిరిగిన ఆవిడ భర్త, పరాయి రేవులో కొన్న కెమెరాతో ఇంట్లో తీసి, ఆ రేవులోనే డిస్కుకు ఎక్కించుకొచ్చాడు. ఆయన పోయాడు. ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఆవిడ ప్లేయరేమో ఆ డిస్కును తీసుకోదు.

"ఉన్నన్నాళ్ళూ గడగడా మాట్లాడేసేవారు బాబూ. నాకు సగం అర్థమయ్యేది కాదు, ఊఁ కొట్టేదాన్ని. ఒక్కసారి వింటే చాలు."

ఇరవైనాలుగుగారు డిస్కు అందుకున్నాడు.

ఆయన మార్చి ఇచ్చిన డిస్కును బావమరిది ముందుగా దుకాణం టీవీలో వేసి చూశాడు. తెర మీద మనిషి నింపాదిగా చేతులూపుతున్నాడు, గొంతు బరువుగా ఉంది. బావమరిది డిస్కు ఆపేశాడు.

"బావా, ఆ దేశపు కెమెరా తీసిందే సెకనుకు ఇరవై అయిదు కదా. నువ్వు ఇరవై నాలుగుకి దించేశావు. తప్పు కదా."

"తప్పే."

"మరి సరిచెయ్యవా?"

"నోరు మూసుకుని ఆవిడకి ఇచ్చిరా."

మర్నాడు ఆవిడ గుమ్మంలో కనిపించగానే, ఈ ఒక్క బేరమూ పోయిందనుకున్నాడు బావమరిది.

"ఇన్నేళ్ళకి మా ఆయన మాట అర్థమైంది బాబూ."

"ఏమన్నారండి?"

"ఇస్త్రీపెట్టె ఆపలేదని నన్ను తిట్టారు. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను." ఆవిడ నవ్వి, కాస్త మొహమాటపడింది. "చివర్లో ఏదో గొణిగారు. అది మాత్రం అందలేదు. ఇంకాస్త నిదానం చెయ్యడానికి వీలవుతుందా?"

బావమరిది భయంభయంగా బావ వైపు చూశాడు.

"ఇటివ్వండమ్మా," అని ఇరవైనాలుగుగారు చెయ్యి చాచాడు.