రాట్నానికీ మగ్గానికీ మధ్య

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ పుట్టినరోజులు చేసేవారు కాదు. ఎవరి వయసెంతో చేతిలో ఉన్న పనిని చూసి తెలుసుకోవాల్సిందే. పామర్రు దాటి ఇంకాస్త ముందుకు వెళ్తే వచ్చే నేతపేట మాది. చంటిపిల్లలు మగ్గం పక్కన చీర ఉయ్యాలలో ఉండేవారు. కాస్త ఊహ తెలిస్తే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి, అంటే మగ్గం మీద అటూ ఇటూ పోగు లాగే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు చుట్టాలి. కొత్త కోడళ్ళు తెల్లవారేసరికి వీధి పొడవునా పడుగు, అంటే చీర నిలువు పోగులు, సాగదీసి గంజి పట్టించేవారు. సంసారం మీద పడ్డవాళ్ళు మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవారు. ఆ తర్వాత ఏమిటో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, నా గొడవ నాకే సరిపోయేది.

నాకప్పుడు పన్నెండో ఏడు. ఆ ఏడంతా నేనేమిటో నాకు అర్థమైతే ఒట్టు. పొద్దున వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే మా అమ్మ గుమ్మంలోకి వచ్చి, "తాడిచెట్టంత ఎదిగావు, సిగ్గులేదటే!" అని కేకేసేది. సాయంత్రం పక్కింటి అక్క పెళ్ళి కబుర్లు వింటూ నిలబడితే అదే అమ్మ, "చిన్నపిల్లవి, పెద్దవాళ్ళ మాటలు నీకెందుకే, అవతలికి పో" అనేది. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య నేనెప్పుడు కుంచించుకుపోయానో ఆవిడకే తెలియాలి. "తేల్చి చెప్పండి, నేను పెద్దదాన్నా, చిన్నదాన్నా?" అని ఒకరోజు అందరి ముందూ నిలదీశాను. ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అది చాలదన్నట్టు ఆ వానాకాలంలోనే మా తాతయ్య చూపు మందగించింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే మగ్గం, తాతయ్యా నాన్నా మార్చి మార్చి నేసేవారు. తాతయ్య చెయ్యి అంటే పేటలో ఒక మర్యాద ఉండేది. అలాంటి మనిషి తెగిన పోగు కనపడక అలాగే నేసుకుంటూ పోయేసరికి చీర నిలువునా గీతలు పడ్డాయి. మర్నాడు నాన్న తాతయ్య కన్నా ముందే లేచి గుంటలో కూర్చున్నాడు. "ఇకనించి మీరు కండెలు చుట్టండి నాన్నా, కూర్చున్న చోటే పని" అన్నాడు తలెత్తకుండా. తాతయ్య మెల్లగా వచ్చి నా రాట్నం ముందు కూర్చున్నాడు.

అది నా రాట్నం! పోనీ, కండెలు తప్పాయంటే మగ్గం ఎక్కిస్తారేమో అని గుంట వైపు వెళ్తే, "నీకింకా కాళ్ళందవు, చీర తగలేస్తావు, పో" అన్నాడు నాన్న. ఇటు రాట్నం పోయింది, అటు మగ్గం లేదు. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరికి అడ్డమే. తాతయ్యని చూస్తే ఒళ్ళు మండేది. నా చోటు లాక్కుని అక్కడేమైనా సుఖంగా ఉన్నాడా అంటే అదీ లేదు. ఆయన చుట్టిన కండెలు మధ్యలో ఉబ్బి నాడెలో ఇరుక్కునేవి. అమ్మ వాటిని వంటింట్లోకి తీసుకుపోయి, విప్పి మళ్ళీ చుట్టేది. ఒకరోజు మంచినీళ్ళకని వచ్చిన తాతయ్య అది చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన సంచి సర్దుకున్నాడు. "ఉయ్యూరు పోతున్నా. చిన్నమ్మాయి దగ్గరుంటా. ఇక్కడ నాతో ఎవరికేం పని?" అన్నాడు. కూతురింట్లో ఒక్కపూట కంటే ఎక్కువ ఉండటమంటేనే తలవంపులనుకునే మనిషి నోట ఆ మాట వచ్చేసరికి నాన్న మొహం పాలిపోయింది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. రాట్నం నాకొచ్చేస్తుందని లోపల సంతోషం. తాతయ్య వెళ్ళిపోతున్నాడని దిగులు. రెండూ ఒక్క మనిషికి ఒకేసారి ఎలా కలుగుతాయో తెలియక, పిచ్చిగానీ ఎక్కుతోందా అని భయపడ్డాను.

అప్పుడు మా నాయనమ్మ పెరట్లోంచి వచ్చింది. మగ్గం మీది చీర ఆ పొద్దునే కోశారు. కొత్త పడుగు ఎక్కించాలంటే మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. ఆ పనికి పై వీధి నుంచి ఒకావిడ వచ్చేది. "ఆవిడకి జ్వరమట, రాదట. బస్సు మధ్యాహ్నం కూడా ఉంటుందిగా, కాస్త ఇది అతికేసి వెళ్ళండి" అంది నాయనమ్మ. తాతయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "కనపడి చస్తే కదటే!" అన్నాడు. "దీని కళ్ళు ఖాళీగానే ఉన్నాయిగా" అని నన్ను ముందుకు తోసింది.

అలా నేను పడుగుకి అటు, ఆయన ఇటు కూర్చున్నాం. నేను పాత పోగు ఒకటీ కొత్త పోగు ఒకటీ ఏరి ఆయన వేళ్ళకి అందించాలి. ఆయన బూడిద రాసుకున్న వేళ్ళతో రెండిటినీ కలిపి నలిపితే అవి ఒకటైపోయేవి, అతుకెక్కడో నాకే కనిపించేది కాదు. ఒకసారి వరస తప్పి పక్క పోగు ఇచ్చాను. "ఇది దీంది కాదే, ఏటవాలుగా లాగుతోంది" అన్నాడు చూడకుండానే. ఆ తర్వాత తప్పలేదు. చాలాసేపటికి ధైర్యం చేసి, ఎవరూ తేల్చని నా ప్రశ్న ఆయన్నే అడిగాను. "తాతయ్యా, నేను పెద్దదాన్నా, చిన్నదాన్నా?"

ఆయన వేళ్ళు ఆగాయి. "నన్నడుగుతావేంటే? నేనేంటో నాకే తెలీక చస్తుంటే!" అన్నాడు. ఇద్దరం ఒకర్నొకరు చూసుకుని ఫక్కున నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అంత పెద్ద మనిషికి కూడా తెలియదన్న మాట ఎందుకో నాకు కొండంత ధైర్యం ఇచ్చింది. ఎందుకో మాత్రం ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

మధ్యాహ్నం బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ పోయింది. మేమిద్దరం విననట్టే ఉన్నాం. సాయంత్రానికి అతకడం అయ్యాక తాతయ్య నాన్నని పిలిచి, "దాన్ని గుంటలో కూర్చోబెట్టరా" అన్నాడు. కాళ్ళందవు అని నాన్న అనబోతే, "అందకపోతే తొక్కుడు పలక మీద చెక్కముక్క కట్టు" అన్నాడు. ఆ పూట నేను నేసింది జానెడు. వంకరటింకరగా ఉంది, అయినా ఒక్క పోగూ తెగలేదు. తాతయ్య పక్కనే కూర్చుని పడుగు మీద చెయ్యి వేసే ఉంచాడు. మర్నాడు జ్వరమన్న ఆ అతికే ఆవిడ బిందె చంకనేసుకుని గుండ్రాయిలా మా గుమ్మం ముందు నుంచే పోయింది. నాయనమ్మ ఆవిడ వంక చూడనే లేదు. ఉయ్యూరు ప్రయాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు విజయవాడ వన్ టౌన్‌లో, మా అబ్బాయి బట్టల కొట్టు మీది వాటాలో ఉంటున్నాను. చీరల మూట ఎత్తబోతే "నువ్వు కూర్చోమ్మా, మేం చూసుకుంటాంగా" అంటారు. కాళ్ళు చాపుకుని కూర్చుంటే "పెద్దదానివి, నువ్వే ఏదో ఒకటి చెప్పాలి" అంటారు. ఏం చెయ్యాలో తోచనప్పుడు నా బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే నలుపుకుంటాయి. ఆ వేళ్ళ మధ్య పోగు లేదన్న సంగతి తర్వాతెప్పుడో గుర్తొస్తుంది.

మొన్న మా మనవరాలు స్కూల్ నుంచి విసవిసా వచ్చింది. దానికీ పన్నెండే. మనిషి జీవితం ఇన్ని దశలని క్లాసులో బొమ్మ గీయించారట, గడులు గడులుగా. నన్ను చివరి గడిలో పెట్టింది. తనని ఏ గడిలో పెట్టుకోవాలో తెలియక రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిల్లు చేసింది. "అమ్మేమో పెద్దదానివంటుంది, నాన్నేమో ఫోనిమ్మంటే చిన్నపిల్లవంటాడు. నువ్వు చెప్పు నానమ్మా, నేనెవర్ని?" అని గొంతు చించుకుంది.

"నన్నడుగుతావేంటే? నేనేంటో నాకే తెలీక చస్తుంటే!" అన్నాను.

అది తెల్లబోయి చూసి, తర్వాత నవ్వేసింది. నేను పక్కకి జరిగి చీరల మూట విప్పాను. మడత చెదిరిన చీరకి అది ఒక కొస పట్టుకుంది, నేను ఇంకో కొస పట్టుకున్నాను.