పెద్దమ్మ పాటను నేను సరిచేసిన వైనం

కొత్తగా పని నేర్చుకున్నవాడికి లోకమంతా వంకరగానే కనబడే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఆదోనిలో ఒక గది తీసుకుని, చప్పుడు మార్మోగకుండా గోడలకు ఎమ్మిగనూరు దుప్పట్లు వేలాడదీసి, ఒక కంప్యూటరూ ఒక మైకూ పెట్టి, బయట ‘రికార్డింగ్ స్టూడియో’ అని బోర్డు తగిలించాను. (దుప్పట్ల ధర అడిగి పోయినవాళ్లే ఎక్కువ.) పాటల సాఫ్ట్‌వేర్‌లో తెర మీద నిలువు గీతలుంటాయి. ఒక్కో గీత ఒక్కో దెబ్బ. పాట గీత మీద పడితే తాళంలో ఉన్నట్టు, పక్కకు పడితే తప్పినట్టు. నాకు తెలిసిన సంగీతం అంతే.

అలాంటి నా దగ్గరికి నందవరం పక్క పల్లె నుంచి మా పెద్దమ్మ వచ్చింది. పత్తి చేలల్లో కూలికి పోయే మనిషి, ఊరంతా వినబడే ఆ గొంతుకు మైకు దండగ. ఏటా క్రిస్మస్‌కు వాళ్ల చర్చి ముందర ఆడవాళ్లు కోలాటం వేస్తారు. పాడేది ఎప్పుడూ ఆమే. అందుకని ఇరవై ఏళ్లుగా మైకు ముందు నిలబడటమే తప్ప ఒక్కసారీ కోలలు పట్టింది లేదు. “నా పాట పట్టి పెట్టప్పా. ఈసారి నీ పెట్టె పాడతాది, నేను ఆడతా. కాళ్లల్లో సత్తువ ఉన్నప్పుడే ఒక్కసారన్నా ఆడాల” అంది.

ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, తాళం కోసం టిక్కుటిక్కుమనే శబ్దం వినిపించాను. రెండు నిమిషాల్లో పీకి పారేసింది. “ఏందిరా ఇది, సెవిలో బల్లి దూరినట్ల! ఇది నా ఎంట రాదు, నేను దీని ఎంట పోను.” సరే, నీ ఇష్టం అన్నాను. కళ్లు మూసుకుని హాయిగా పాడేసి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది.

తీరా తెర మీద చూస్తే ఒక్క దెబ్బా గీత మీద లేదు. మొదట నెమ్మది, పోనుపోను పరుగు. పైగా ప్రతి చరణం చివరా ‘పుట్టినాడే’ అనే మాటను ఊపిరి అయిపోయేదాకా సాగదీసింది. పాపం, తాళం తెలియని మనిషి అని జాలిపడ్డాను. (తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) మూడు రోజులు కూర్చుని ఆమె గొంతును ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ గీతల మీదికి ఈడ్చి, సాగుళ్లన్నీ కత్తిరించి, నిమిషానికి సరిగ్గా నూరు దెబ్బలకు బిగించి, డప్పు కలిపాను.

పండుగకు నాలుగు రోజుల ముందు వాళ్ల చర్చి ముందర సాధన. స్పీకరు తీసుకెళ్లి గర్వంగా పాట పెట్టాను. మొదటి చరణం బాగానే గడిచింది. దాని చివర వరుస మొత్తం గుండ్రంగా తిరగాలి. సగం మంది తిరిగారో లేదో, రెండో చరణం మొదలైపోయింది. ఒకరి కోల ఇంకొకరి వేళ్ల మీద పడింది. వరుసలో కడపటి మనిషి మోకాళ్లవ్వ (మోకాళ్ల నొప్పుల వల్ల ఆ పేరు, ఊళ్లో అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు) తన చోటు దొరక్క పాస్టరుగారి స్కూటరు దగ్గర ఒంటరిగా కోలలు ఆడిస్తోంది.

“ఆపరా సామీ!” అని అరిచింది పెద్దమ్మ. “నా ‘పుట్టినాడే’ యాడ పోయింది?”

“ఎక్కువైందని కోసేసినా పెద్దమ్మా.”

“ఎక్కువైందా! మోకాళ్లవ్వ తిరిగొచ్చేదాకా లాగుతానప్పా దాన్ని. ఆయమ్మ రాకముందే నువ్వు ఎత్తుకుంటే ఎట్ల?”

“పాటలో నన్నే కోసేసినాడమ్మా వీడు” అని మోకాళ్లవ్వ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకుంది.

పెద్దమ్మ మాత్రం కోపగించుకోలేదు. “పోనీలే నాయనా, ఈ ఏడు గూడా నేనే పాడతాలే” అని చేతిలోని కోలలు పక్కామెకు ఇచ్చేసింది. ఆ ఇచ్చిన తీరుకు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఆ రోజే సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగేశాను. పాటను గీతల మీదికి ఈడ్చనక్కర్లేదు, గీతలనే పాట దగ్గరికి జరపొచ్చట. (నేను రోజూ నొక్కే మీట కిందే ఉంది ఆ మీట.) అదృష్టం, కోయని పాట భద్రంగా ఉంది. మరునాడు పెద్దమ్మను ఆదోనికి పిలిపించాను. ఆమె తన పాట తానే వింటూ కోలతో బల్ల మీద కొట్టింది, కొట్టిన ప్రతిచోటా నేను గుర్తు పెట్టాను. గీతలు కొన్నిచోట్ల ఇరుకయ్యాయి, కొన్నిచోట్ల దూరం జరిగాయి. ‘పుట్టినాడే’ దగ్గరయితే ఎకరా పొలమంత ఖాళీ. డప్పు కూడా అక్కడ బుద్ధిగా ఆగింది.

పండుగ రోజు పెద్దమ్మ కొత్త చీర కట్టి, కోలలు పట్టి వరుసలో నిలబడింది. పాట మొదలైంది. మోకాళ్లవ్వ నింపాదిగా తిరిగొచ్చి తన చోట నిలబడింది. నా ఛాతీ ఉబ్బింది. అంతలో పెద్దమ్మ నోరు ఊరుకోలేదు. ఆడుతున్న సంబరంలో తానూ ఎత్తుకుంది, అదీ రికార్డు కంటే జోరుగా. ఆడవాళ్లందరూ ఎదుట ఉన్న పెద్దమ్మ గొంతునే పట్టుకున్నారు, స్పీకరులోని పెద్దమ్మ వెనకబడింది. ఒక్క క్షణం ఆలోచించి, మెల్లగా మీట తిప్పి శబ్దం పూర్తిగా తగ్గించేశాను. కోలల చప్పుడులో ఎవరికీ తెలియలేదు.

ఆట అయ్యాక చెమటలు కారుతూ, రొప్పుతూ, నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది. “సూసినావా, నీ పెట్టె ఎంత బాగా పాడిందో!”

“అవును పెద్దమ్మా” అన్నాను. నా స్టూడియోలో అంత మంచి రికార్డింగు మళ్లీ జరగలేదు. ఇన్నేళ్లకు ఇప్పుడు మెట్లెక్కితే నా మోకాళ్లూ పలుకుతున్నాయి. పైకి చేరేదాకా ఎవరైనా ఆ ‘పుట్టినాడే’ను కాస్త లాగి పట్టుకుంటే బాగుండుననిపిస్తుంది.