రెండేళ్లు దాటిన ఫైళ్లలో అప్పలనర్సమ్మ గారు

విజయనగరంలో మా స్కానింగ్ సెంటర్‌లో పొద్దున్న కరెంటు పోయి వచ్చాక సర్వర్‌లో తేదీ పదేళ్లు వెనక్కి పోయింది. ఎవరూ చూసుకోలేదు. పదకొండు స్కాన్లు తీసేసరికి డిస్కు నిండిపోయి, ఫిల్ములు రావడం ఆగిపోయింది. కంప్యూటర్లు చూసేది నేనే కాబట్టి నన్ను పిలిచారు.

ముందు తేదీ సరిచేశాను. తర్వాత, డిస్కులో చోటు కోసం రెండేళ్లు దాటిన ఫైళ్లన్నీ తుడిచేసే కమాండ్ టైపు చెయ్యబోయాను. మా సర్వర్ నడిచే లినక్స్‌లో అలా తుడిచింది ఇక తిరిగి రాదు. అందుకే అలవాటు కొద్దీ ముందు జాబితా తెప్పించాను. వందల పేర్లు. కళ్లు లాగుతుంటే చదవకుండానే చివరికి వచ్చేశాను. ఇక తుడిచెయ్యబోతుంటే టెక్నీషియన్ లక్ష్మి వెనక నుంచి వంగి చూసింది.

"ఆగండి సార్! అప్పలనర్సమ్మ గారు పాత పేషెంటేటి? బయట బెంచీ మీద కూకున్నాది కదా!"

పొద్దున్న తీసిన స్కాన్లన్నిటికీ ఆ తప్పు తేదీయే పడింది. ఆ పదకొండూ వేరే ఫోల్డర్‌లోకి మార్చి, జాబితా మొత్తం ఈసారి ఒక్కో పేరూ చదివి, అప్పుడు పాతవి తుడిచాను. మధ్యాహ్నం దాటింది.

ఫిల్ము ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఆవిడ కొత్తవలస నుంచి వచ్చిన పెద్దావిడ.

"నా ఫొటో బాగా వచ్చినాదా బాబూ?"

"వచ్చిందమ్మా."

"మరింతసేపు లోపల ఏటి సేసినారు?"

మీ ఫొటో తుడిచెయ్యకుండా ఆగాను అని చెప్పలేక, ఫిల్ము ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాను. మీరైతే ఏం చెప్పేవారు?