మల్లికార్జునరావుగారి మారు వడ్డన

షికాగో పక్కనున్న నేపర్‌విల్ తెలుగువాళ్లలో ఒక కూర బాగా కుదిరిందో లేదో తేల్చడానికి చాలాకాలంగా ఒకటే పద్ధతి అమల్లో ఉండేది. మల్లికార్జునరావుగారు మారు అడిగితే కుదిరినట్టు. రెండోసారి మారు అడిగితే ఆ ఇంటి ఇల్లాలు మర్నాడు ఆఫీసులో కూడా కాస్త తల పైకెత్తి నడిచేది. ఆయన మారు అడగని కూర ఆ ఊరి చరిత్రలో ఒక్కటే ఉందనీ, దాన్ని వండినవాళ్లు తరవాత అట్లాంటా వెళ్లిపోయారనీ చెప్పుకునేవారు. ఉద్యోగం కోసం వెళ్లామని వాళ్లంటారు.

ఈ పదవి కోసం ఆయన ఎవరితోనూ పోటీ పడలేదు. అర్హతను బట్టి దానంతటదే వచ్చింది. తెనాలి వైపు మనిషి. షికాగోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేసులు చూస్తారు. మాట నెమ్మది, నవ్వు పెద్దది. బరువు మూడువందల పది పౌండ్లు. ఎవరైనా అడిగితే కిలోల్లో చెప్పేవారు. దేశాభిమానం ఒక కారణం. అంకె సగానికి తగ్గడం రెండో కారణం.

ఆయన ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు పక్క అపార్ట్‌మెంట్‌లో ఫణి, త్రివేణి అని కరీంనగర్ దంపతులు ఉండేవారు. పెట్టెలు విప్పకముందే త్రివేణి ఒక గిన్నెడు గుత్తివంకాయ పట్టుకొచ్చింది. రావుగారు గిన్నె కడిగి తిరిగిస్తూ, "ఇంకా ఉందా అమ్మా?" అని అడిగారు. ఆ పూటనుంచి ఆమెకు ఆయన అన్న, ఫణికి బావ. ఏటా రాఖీ కడుతుంది. ఇళ్లు మారాయి, పిల్లలు పెరిగారు, గుత్తివంకాయ మాత్రం అలాగే ఉంది. పాతికమంది భోంచేస్తున్నా త్రివేణి చెవి ఒక్క విస్తరి వైపే ఉండేది. "త్రివేణీ, మారు" అన్న మాట వినపడ్డాకే ఆవిడ తన కంచం పెట్టుకునేది.

ఇలాంటి మనిషిని పడగొట్టింది ఒక రైలు మెట్టు. ఆఫీసుకు వెళ్లే రైలుపెట్టెలో పైన మేడలాంటి అంతస్తు ఉంటుంది. దానికి ఇరుకు మెట్లు, కిటికీ పక్కన ఒంటరి సీట్లు. కొత్తలో ఆయనకు అవంటే ప్రాణం. తరవాత చాలా ఏళ్లు కిందే కూర్చున్నారు. ఒక ఉదయం కింద ఖాళీ లేక పైకి బయల్దేరి, మెట్ల మధ్యలో ముందుకూ వెనక్కూ కాకుండా ఆగిపోయారు. వెనకున్న పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "టేక్ యువర్ టైమ్" అన్నాడు. దానికన్నా తిట్టు నయం. షుగరూ, మోకాళ్లూ, నిద్రపోయేటప్పుడు ముక్కుకు తగిలించుకునే మెషీనూ ఎన్నేళ్లుగానో చెబుతున్న మాటను ఆ మర్యాద ఒక్క వాక్యంలో చెప్పింది. ఆ వారమే ఆయన డాక్టర్ని కలిశారు.

డాక్టరు చెప్పింది స్పష్టంగానే ఉంది. పొట్టలో ఎక్కువ భాగం తీసేసి, మిగిలినదాన్ని గొట్టంలా కుట్టేస్తారు. "అరటిపండంత మిగులుతుంది" అని డైటీషియన్ అమ్మాయి వేలితో చూపించింది. తిరుగుదారిలో కార్లో రావుగారు భార్యను అడిగారు.

"అరటిపండంటే ఏ అరటిపండు, అనూ? చక్కెరకేళా, అమృతపాణా?"

"ఇంకా బేరమేనా మీకు?" అంది అనురాధ, కారును హైవే ఎగ్జిట్‌లోకి తిప్పుతూ.

జూలైలో ఆపరేషన్ అయింది. ఊళ్లో మాత్రం హెర్నియా అని చెప్పారు. హెర్నియా పరువైన జబ్బు. బరువులెత్తే మగవాడికి వస్తుంది, ఎవరూ వివరాలడగరు. నిజం చెబితే ఏమంటారో ఆయనకు తెలుసు. "నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకున్నాడు" అంటారు. భోజనాల్లో అంతటి కీర్తి గడించిన మనిషి ఈ మాట పడలేడు.

"కనీసం త్రివేణికి చెప్పండి" అంది అనురాధ.

"తనకి అస్సలు చెప్పకూడదు. ఎంతో ప్రేమగా వండి పెట్టింది ఇన్నాళ్లూ. తన వంకాయల వల్లే ఇంతదాకా వచ్చిందనుకుంటుంది."

మొదట నీళ్లు, అవీ గుక్కలుగా కాదు, చుక్కలుగా. తరవాత పప్పుకట్టు. ఆ తరవాత మెత్తగా రుబ్బినవి. ఆర్నెల్ల వయసులో ఒకసారి అన్నప్రాశన అయిన మనిషికి యాభై మూడో ఏట మళ్లీ మొదలైంది, ఈసారి మేనమామ లేకుండా. మొదట్లో బరువు జారుడుబల్ల మీద దిగినట్టు దిగింది. మూడోవారం ఉన్నట్టుండి కాటా కదలడం మానేసింది. ఆయన దిగి, మళ్లీ ఎక్కి, కాటాను గదిలో నాలుగు మూలలా పెట్టి చూశారు.

"సర్వర్ హ్యాంగ్ అయినట్టుంది. బ్యాటరీ తీసి మళ్లీ వేస్తే?"

"ఇలా హ్యాంగవడం మామూలేనని ఆ డైటీషియన్ అమ్మాయి ముందే చెప్పింది. ఇల్లంతా తిప్పకండి దాన్ని, ఎక్కడ పెట్టినా మీరే" అంది అనురాధ.

పది రోజులకు మళ్లీ కదిలింది. ఈసారి తొందర లేకుండా, ప్రభుత్వ ఉత్తర్వులా నెమ్మదిగా. బెల్టుకు కొత్త చిల్లులు పడ్డాయి. దువ్వెనకు జుట్టు ఊడి రాసాగింది. ఎన్నడూ లేనిది చలి తెలిసింది. షికాగో చలికాలాల్లో చొక్కాతో తిరిగిన మనిషి అక్టోబరులోనే స్వెటర్ అడిగారు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు తార ఆయన పాత ప్యాంటు పట్టుకుని చూసి, తన అమెరికా తెలుగులో, "నాన్నా, ఇందులో ఇంకొక నాన్న వస్తారు" అంది.

అసలు చిక్కు దీపావళికి వచ్చింది. త్రివేణి ఇంట్లో పాతికమంది. అరటాకు ఆకారపు పేపరు విస్తళ్లు. రావుగారు నియమం ప్రకారం ముందు పప్పు తిన్నారు, తరవాత ఒక వంకాయలో సగం. ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమిలారు. అంతే, లోపల తలుపు మూసేశారు. కుట్టుపడిన పొట్ట మారాం చెయ్యదు, కసురుతుంది.

"ఏందన్నా, గట్ల తింటున్నవ్ పిట్ట తిన్నట్టు?" త్రివేణి గరిటెతో వచ్చి నిలబడింది.

"చాలమ్మా. తిన్నాను."

"ఏం తిన్నవ్? వంకాయ సగం గట్లనే ఉన్నది. ఉప్పెక్కువైందా?"

"అబ్బే, బ్రహ్మాండంగా ఉంది."

"బ్రహ్మాండంగ ఉంటే మారేసుకో మరి. నా మీద ఒట్టు."

రావుగారు చేత్తో విస్తరి కప్పారు. అక్కడున్న పాతికమందీ ఆ చేతిని చూశారు. ఇరవయ్యేళ్లలో ఆ చెయ్యి ఆ పని చెయ్యడం ఎవరూ చూడలేదు. "హెర్నియా తరవాత... కొంచెం గ్యాస్" అన్నారాయన. గ్యాస్ అన్నది తెలుగువాడు మొహమాటానికి చెప్పే మాటని తెలియనివాళ్లెవరూ ఆ గదిలో లేరు. త్రివేణి గిన్నె తీసుకెళ్లి స్టవ్ మీద పెట్టేసింది. ఆ రోజు ఆవిడ కంచం పెట్టుకోలేదు.

మనవాళ్లలో మనిషి తినకపోతే జబ్బు అనుకోరు, అలక అనుకుంటారు. అలకకు కారణం వెతకడం ఊరందరి బాధ్యత. త్రివేణి వాళ్లు కొత్త కిచెన్ పూజకు ఆయన్ని పిలవలేదని కొందరన్నారు. ఫణి పెద్ద కారు కొన్నాడు కదా అని కొందరు కళ్లతో అన్నారు. రావుగారు తర్వాత రెండు పిలుపులకు ఏవో వంకలు చెప్పి తప్పించుకోవడంతో సందేహం కాస్తా రుజువైపోయింది. మూడో పిలుపు రాలేదు. ఇండియన్ గ్రోసరీలో ఒక శనివారం త్రివేణి ఎదురుపడింది. ఆయన నవ్వేలోపే ఆవిడ బండి తిప్పేసి, బియ్యం బస్తాల వరసలో సోనామసూరి వంక దీక్షగా చూస్తూ నిలబడిపోయింది. వాళ్లింట్లో బాస్మతి తప్ప వండరని ఆయనకు తెలుసు.

జనవరిలో ఒక ఉదయం రైలు కింద అంతస్తు నిండిపోయింది. రావుగారు ఆ ఇరుకు మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి, దేవుణ్ణి తలుచుకుని ఎక్కారు. భుజాలు తగల్లేదు. ఒంటరి సీటులో కూర్చుంటే పక్కన ఇంకా చోటు మిగిలింది. కింద మంచులో ఊళ్లు వెనక్కి పోతున్నాయి. ఈ ఘనకార్యాన్ని పెట్టెలో ఒక్కరూ గమనించలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, అలవాటుగా త్రివేణి పేరు నొక్కబోయారు. ఇలాంటి కబురు వింటే లడ్డూలు చేసే మనిషి ఆవిడే. వేలు అక్కడే ఆగిపోయింది. ఏమని చెప్పాలి? ఎక్కానని చెబితే, ఎందుకు ఎక్కలేకపోయేవారో చెప్పాలి. ఫోన్ లోపల పెట్టేసి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. సీటు సుఖంగానే ఉంది. ఆయనకు మాత్రం ఏమీ బాగా లేదు.

ఫిబ్రవరిలో ఫణి ఫోన్ చేశాడు. "బావా, నీకు మేమేమన్న అన్నమా? అంటే మొహం మీద చెప్పు. ఆదివారం రాండి ఇద్దరు. మనం నలుగురమే."

అన్నం ముందు కూర్చునేలోపే నిజం చెప్పేస్తానని రావుగారు దారంతా భార్యకు మాటిచ్చారు. ఫణి తలుపు తీసినప్పట్నుంచీ ప్రాపర్టీ టాక్సు గురించి మాట్లాడాడు. చెప్పే చోటు దొరకలేదు. చూస్తుండగానే కంచాలొచ్చాయి.

త్రివేణి వడ్డించింది. ఒక వంకాయ, కొంచెం అన్నం, పప్పు. వడ్డించి పక్కకు జరిగింది. "ఇంకొంచెం" అనలేదు. ఒట్టు పెట్టలేదు. ఎదురుగా కూర్చుని, ఎంతో మర్యాదగా, "ఏమన్న గావాల్నంటే అడుగుండ్రి" అంది.

"అడుగుండ్రి." ఇరవయ్యేళ్లుగా "నువ్వు" అన్న నోరు. రైలు మెట్ల మీద విన్న మర్యాదే మళ్లీ ఇక్కడ వినిపించింది రావుగారికి. ఆయన పప్పు తిన్నారు. వంకాయ పూర్తి చేశారు. లోపలి తలుపు మూసుకోబోతోంది. అయినా కంచం ముందుకు జరిపారు.

"త్రివేణీ, మారు."

అనురాధ, "ఏవండీ!" అంది. త్రివేణి అప్పటికే లేచింది. ఆవిడ మొహం చూసి అనురాధ మిగతా మాట మింగేసింది. రెండు వంకాయలు పడ్డాయి, పైన నూనె తేలే గ్రేవీతో. నియమాలన్నీ మరిచి, కుర్రవాడిలా గబగబా తిన్నారు రావుగారు. తరవాత నుదుట చెమట పట్టింది. గుండె మధ్యలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. నోట్లో నురుగు ఊరింది. "ఒక్క నిమిషం" అని లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్లారు. ఒక్క నిమిషంలో రాలేదు. లోపల ఏం జరుగుతోందో బయటికి బాగానే వినిపించింది.

త్రివేణి గరిటె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నా కూరల ఏమన్న పడిందా వదినా? ఏమైంది అన్నకు?"

"కూరలో ఏమీ లేదు, త్రివేణీ. ఆయన పొట్టలోనే లేదు, చోటు." అనురాధ ఇక దాచలేదు. అంతా చెప్పింది. హెర్నియా కాదని చెప్పింది, అరటిపండు సంగతీ చెప్పింది.

రావుగారు మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. చెప్పబోతే అడ్డుపడింది త్రివేణి.

"పిచ్చోనివా అన్నా నువ్వు? గింత పొట్టల మూడు వంకాయలు కుక్కుకుంటవా? ఏమన్న అయితే?"

"నువ్వు ఒట్టు పెట్టలేదమ్మా ఇవాళ" అన్నారు రావుగారు. అంతకంటే మంచి కారణం ఆయనకు దొరకలేదు.

"నాకు జెప్తే ఏం బోయింది? పప్పుకట్టు నేను చెయ్యనా? నాలుగు నెలలు... నా చేతిల రుచే పోయిందనుకున్న. ఉప్పు తూకమేసి వండిన, తెలుసా!" ఆవిడ కళ్లు తుడుచుకుంది. తరవాత ఇంకా కోపం వచ్చింది. "పో, కూసో. మంచినీళ్లు తాగకు ఇప్పుడే. తాగొచ్చునా వదినా?"

"అరగంట ఆగాలి."

"విన్నవా? కూసో."

ఆ తరవాత ఊరికి ఎలా తెలిసిందో ఎవరూ అడగలేదు. ఫణికి తెలిసింది కదా. "నోరు కట్టుకోలేక" అన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. డాక్టర్ పేరు గుట్టుగా అడిగి రాసుకున్నవాళ్లు అంతకన్నా ఎక్కువమంది.

మే నెలలో త్రివేణి ఇంట్లో మళ్లీ పాతికమంది చేరారు. రావుగారి ముందు విస్తరికి బదులు చిన్న స్టీలు పళ్లెం ఉంది. గుత్తివంకాయను నాలుగు పక్షాలుగా చీల్చి, తొడిమ దగ్గర మాత్రం కలిపి ఉంచుతారు కదా. త్రివేణి ఒక కాయ తీసుకుని తొడిమ విరిచింది. రెండు పక్షాలు పళ్లెంలో వేసింది. మిగిలిన రెండూ గరిటెలోనే పెట్టుకుని పక్కన నిలబడింది.

రావుగారు తిన్నారు. నమిలారు. పక్కవాళ్లు పెరుగన్నంలోకి వచ్చారు, వడ్డీరేట్ల గురించి మాట్లాడుకున్నారు. గరిటె కదల్లేదు.

"త్రివేణీ, మారు."

ఒక పక్షం పడింది. పాతికమందీ మాటలు ఆపారు. ఇంకాసేపు నమిలారు రావుగారు. లోపలి తలుపు దగ్గర వాకబు చేశారు. ఓరగా తెరిచే ఉంది.

"ఇంకొంచెం, మారు."

నాలుగోదీ పడింది. త్రివేణి ఖాళీ గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్లి, అప్పుడు తన కంచం పెట్టుకుంది. మర్నాడు సోమవారం ఆవిడ ఎంత తల పైకెత్తి ఆఫీసుకు బయల్దేరిందో ఫణి పొద్దున్నే రావుగారికి ఫోన్ చేసి చెప్పాడు. ఆ కబురు ఆయన రైలు మేడ మీద, కిటికీ పక్కన కూర్చుని విన్నారు.