రామ్మోహనరావు గారి మొదటి అరవై అడుగులు

రామ్మోహనరావు గారు ఇక లేరన్న దుర్వార్త నాకు సన్నీవేల్‌లో, ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కారు దిగుతుండగా అందింది. ఆదివారం నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఒంటరి మనిషి కదా, సోమవారం ఆఫీసుకు రాకపోయేసరికి అనుమానం వచ్చి ఎవరో వెళ్ళి చూసేదాకా సంగతి తెలియలేదట. ఫోన్ చెవికి ఆనించుకుని, తలుపు తీసిన కారు పక్కన నిశ్చేష్టుడనై నిలబడిపోయాను. ఇంత అన్యాయమా అని పైకే అనేశాను.

అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టా తెలుగువారిలో ఆయన్ని ఎరగనివారు అరుదు. కాని మనవాళ్ళు ఎరిగింది ఆయన్ని కాదు, ఆయన పికప్ ట్రక్కును. అపార్ట్‌మెంట్ మారాలన్నా, సోఫా కొన్నా, ఉగాది స్టేజీకి తెరలు మోయాలన్నా వెంటనే ఫోను: "అంకుల్, శనివారం ఫ్రీయేనా?" ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "ఆదివారం వస్తానమ్మా. శనివారం నాకు పనుంది." ఆ పనేమిటని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అప్పట్లో ఒకే ఆఫీసులో పక్క సీటువాణ్ణి గనక నేను అడిగాను. అడిగి ఇరుక్కుపోయాను.

ఊరికి ఉత్తరాన, కొండల వైపు, ఒక డ్రాగ్ స్ట్రిప్ ఉంది. పావు మైలు తిన్నని రోడ్డు. రెండు బళ్ళు పక్కపక్కన నిలబడి, వరసగా పసుపు దీపాలు, వాటి వెనకే పచ్చదీపం వెలగ్గానే దూకుతాయి. రోజూ ఆఫీసుకు తోలుకెళ్ళే బళ్ళనూ రానిస్తారు. డేటాబేసుల్లో మహాపండితుడు, పరమ శాంతస్వభావుడు, యాభై దాటిన విధురుడు, మన రావు గారు ప్రతి శనివారం ఆ వరసలో నిలబడేవారు. గెలుపు మీద ఆయనకు ఆసక్తి లేదు. ధ్యాసంతా మొదటి అరవై అడుగుల మీదే. ఖాళీ ట్రక్కుకు వెనక బరువుండదు. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు కీచుమని ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, పొగ లేస్తుంది, పక్కవాడు హాయిగా వెళ్ళిపోతాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, టైరు అరవకుండా బండి లేవాలి. అదీ ఆయన తపస్సు.

"వెనక బరువు కావాలి, అంతేగా!" అని ఒక శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ట్రక్కు నిండా సోనా మసూరి బస్తాలు వేయించారు. స్ట్రిప్ గేటు దగ్గర బళ్ళు తనిఖీ చేసే పెద్దమనిషి వెనక తలుపు దించి, "ఏమిటివి?" అన్నాడు. "రైస్ సర్" అన్నారు ఈయన, ఎంతో గౌరవంగా. బోల్టులు బిగించని బరువుతో లోపలికి రానిచ్చేది లేదని, బస్తా ఎగిరి దారిలో చిట్లితే వెనకవాడి ప్రాణం మీదికొస్తుందని అతను చీవాట్లు పెట్టాడు. బస్తాలన్నీ గడ్డిలోకి దించి, నన్ను కాపలా కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ళు అమ్మకానికేమో అనుకుని ధర అడగడం, నేను పళ్ళు నూరుకోవడం! ఆ ఏటి పిక్నిక్‌లో పులిహోర రెండేసి సార్లు వడ్డించుకున్నవాళ్ళకు ఆ బియ్యం ఎక్కడెక్కడ తిరిగొచ్చాయో తెలియదు.

ఆ పూట మమ్మల్ని చూసి పగలబడి నవ్వినవాడే తరవాత ఆయనకు ఆప్తమిత్రుడయ్యాడు. పేరు డేల్, స్కూల్ బస్ నడిపి రిటైరైన ముసలాయన. వెనక టైర్లు రోడ్డును పట్టుకునేలా వాటిలో గాలి కాస్త దించమన్నాడు. ఎడమ కాలితో బ్రేకు అదిమి పట్టి, ఇంజన్ను కొంచెం లేపి, దీపం చూసి బ్రేకు వదలమన్నాడు. చెప్పడం తేలికే. రావు గారి ఎడమ కాలు విజయవాడలో అంబాసిడర్ మీద పాఠాలు నేర్చింది, క్లచ్ తప్ప మరొకటి ఎరగదు. మొదటిసారి సగం దారిలో గేరు దానంతటదే మారిన చప్పుడు వినగానే ఆ కాలు అలవాటు కొద్దీ క్లచ్ కోసం దిగింది. అక్కడున్నది బ్రేకు. ట్రక్కు ఎగిరిపడి ఆగింది. "ఇరవయ్యేళ్ళుగా ఖాళీగా ఉన్న కాలయ్యా, పని దొరికితే వదులుతుందా!" అని తనే నవ్వారు. ఆ తరవాత మీటింగుల్లో టేబుల్ కింద ఆయన ఎడమ కాలు మెల్లగా దిగుతూ, లేస్తూ ఉండేది. మేనేజర్ అది నరాల జబ్బేమోనని నన్ను చాటుగా అడిగాడు.

"టైరు అరిచిందంటే మనం తొందరపడ్డామని" అనేవారు. విసుగొచ్చి ఒకసారి దులిపేశాను. "దీనివల్ల ఒరిగేదేమిటండీ? ప్రతి శనివారం ఈ పొగ పీల్చడమెందుకు?" ఆయన కోప్పడలేదు. "విమల పోయాక నేను కదల్లేదు ప్రసాదూ. ఇంజన్ తిరుగుతోంది, చక్రాలు తిరుగుతున్నాయి, బండి అక్కడే ఉంది. కదిలితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుంది." మరుసటి శనివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి, టైర్ల గాలి చూసింది నేనే.

ప్రాజెక్టు మారి నేను కాలిఫోర్నియా వచ్చేశాక ఆయన ఒక్కరే వెళ్ళేవారు.

అంత్యక్రియలకు అట్లాంటా వెళ్ళాను. ఫ్యూనరల్ హోమ్‌లో లేచినవారందరూ ఆయన మోసిన సోఫాలు, మంచాలు తలచుకున్నారు. తప్పులేదు, మోశారు. చివర్లో డేల్ టోపీ చేతిలో పట్టుకుని లేచాడు. "మొన్న శనివారం పక్క లేన్‌లో నేనే ఉన్నాను. రావ్ ట్రక్కు కిమ్మనలేదు. ముక్కు కాస్త పైకెత్తి, అలా వెళ్ళిపోయింది. అవతలి చివర దిగి, తలుపు పట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. ఎవరికైనా ఫోన్ చెయ్యవయ్యా అన్నాను. మండే చేస్తానన్నాడు."

నా పక్కనున్నావిడ, "అంటే ఏంటండీ, రేస్ గెలిచారా?" అంది. "లేదమ్మా, టైరు అరవలేదు" అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

ఆ ఫోను నాకు రావలసింది. శనివారం సంగతులు వేడి మీద చెబితే గొప్పలు కలుస్తాయని, సోమవారం లంచ్ టైమ్‌కి చల్లగా చెప్పేవారు, నేనిటు వచ్చేశాక ఫోన్లో. అన్నేళ్ళు కోరుకున్నది చేతికందాక కూడా ఆ నియమం తప్పలేదు. ఆ సంతోషాన్ని ఒక్కరే ఇంటికి తీసుకెళ్ళి, ఒక్కరే పడుకున్నారు.

రావు గారూ, మీకు అంజలి ఘటించి ముగిద్దామని కూర్చున్నాను, చేతకావడం లేదు. వెనక గాలి ఇంకా దించారా? ఎడమ కాలు ఎప్పుడు వదిలారు, చివరి పసుపు దీపానికా, పచ్చదానికా? కదిలితే ఎలా ఉంది? డేల్‌కి బయట నుంచి కనిపించిందే తెలుసు. లోపల కూర్చున్నది మీరొక్కరే. చెప్పండి, అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.