నలభై ఫోన్ల గల్లీ

మొఘల్‌పురాలోని ఆ గల్లీని మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటి ఫోనుకూ ప్రశ్న పంపి ఏమడిగినా జవాబిచ్చేది మొగులయ్యే. నల్లా పైపులు బిగించే కొలువులో ముప్పై ఏళ్లు పానా పట్టి చూపుడువేలు వంకరపోయింది. అందుకే ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కరి ఫోనూ లుంగీతో తుడిచి, చిటికెనవేలితో నొక్కుతాడు. ప్రశ్న ఎవరూ చదవరు. "నువ్వే నొక్కు బాపు, మాకేమెరుక," అంటారు. అట్లాగే వీధిదీపాలు వచ్చాయి, ఆయన మీసమూ కాస్త పైకి లేచింది. పోయిన నెల "గల్లీ వెడల్పు చేయాలా?" అని వస్తే, అంబులెన్సు లోపలికి రావాలని నలభై ఫోన్లలోనూ "అవును" నొక్కాడు.

ఈ పొద్దున సర్వేయరు వచ్చి, అరుగు దాటి, ఆయన ముందుగది గోడ మీద ఎర్రగీత గీశాడు. "ఇక్కడిదాకా కూలగొడ్తరు. గల్లీ మొత్తం ఒప్పుకున్నరు గద, పెద్దాయనా!" అన్నాడు. మొగులయ్య తన చిటికెనవేలు చూసుకున్నాడు. సాయంత్రానికి ఇంకో ప్రశ్న వచ్చింది: "పని వెంటనే మొదలుపెట్టాలా?" ఎదురింటి స్వరూప అలవాటుగా ఫోను అందించింది. పోయినేడు అంబులెన్సు గల్లీలోకి రాలేక ఆమె అత్తను మంచం మీదే మెయిన్ రోడ్డు దాకా మోశారు, ఆ మంచానికి ఒక కోడు పట్టింది మొగులయ్యే.

"జల్ది నొక్కు బాపు."

మొగులయ్య ఫోను తుడిచాడు. మళ్లీ తుడిచాడు. ఆమె వెనక ఇంకా ముప్పై తొమ్మిది ఫోన్లు వరుసలో నిలబడి ఉన్నాయి.